ఆక్టేవ్ డబ్బా మీద వేసిన నింద

ఆ సాయంత్రం మైకులో నేను చెప్పింది అబద్ధం. నోరు జారి వచ్చిన మాట కాదు. నా మాండలిన్ మీద నాలుగు తీగలు ఉండవలసిన చోట ఎనిమిది ఉన్నాయని నాకు తెలుసు. మధ్యాహ్నం వాటిని బిగించింది నేనే. వాటి వల్లే కాలి కింద ఉన్న డబ్బా అడ్డదిడ్డంగా మొరుగుతోందనీ తెలుసు. తెలిసి కూడా, హాలు నిండా ఉన్న జనం ముందు, తప్పును ఆ డబ్బా మీదికీ దాన్ని చేసిన మనిషి మీదికీ తోసేశాను. జనం నవ్వారు. ఆ నవ్వు వినిపించగానే నాకు ప్రాణం కుదుటపడింది. అది కూడా ఒప్పుకోవాలి.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. నేను స్టోర్సులో పనిచేసేవాణ్ణి. మాది శ్రీకాకుళం వైపు పల్లె, ఇంట్లో అందరూ వ్యవసాయం. మాండలిన్ మాత్రం చదువుకునే రోజుల్లో ఒక నాటకాల బృందం వెంట తిరిగి నేర్చుకున్నాను. విశాఖపట్నం వచ్చాక నలుగురం కలిసి చిన్న ఆర్కెస్ట్రా పెట్టుకున్నాం. హార్మోనియం వాయించే ఆయన పోర్టులో గుమాస్తా, మా అందరికంటే పెద్దవాడు. ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. తబలా ఒకరు, పాట ఒకరు, మాండలిన్ నేను. క్వార్టర్లలో పుట్టినరోజులు, యూనియన్ వార్షికోత్సవాలు, దసరా పందిళ్ళు, ఇవే మా కచేరీలు.

మాకు ఒక లోటు ఉండేది. సినిమా పాటల్లో అడుగున మోగే లావు శబ్దం మా దగ్గర లేదు. బేస్ గిటారు కొనే స్థోమత లేదు, కొన్నా వాయించేవాడు లేడు. హార్మోనియం మధ్యలో పలుకుతుంది, మాండలిన్ పైన గిలగిలమంటుంది. కింద అంతా ఖాళీ. మా పాట నేల మీద ఆనకుండా నడుస్తున్నట్టు ఉండేదని మాస్టారు అనేవారు.

ఆక్టేవ్ పెడల్ అనే వస్తువు ఒకటి ఉందని ఆయనే తెలుసుకుని వచ్చారు. వాయిద్యం నుంచి వచ్చే వైరును దీనికి కలిపి, దీన్నుంచి ఆంప్లిఫయర్‌కి కలుపుతారు. కాలితో నొక్కితే మనం మీటిన స్వరంతో పాటు అదే స్వరం ఒక స్థాయి కింద, మంద్రంలో, తోడుగా పలుకుతుంది. ఒక మనిషి రెండు వాయిద్యాలు వాయించినట్టు ఉంటుంది. మాకు కావలసింది అదే అనుకున్నాం.

దొరికే చోట్లు రెండే. ఒకటి మద్రాసు. అక్కడి వాయిద్యాల దుకాణానికి ఉత్తరం రాస్తే నెల తరవాత ధరల కాగితం వచ్చింది. ఆ పెడల్ ఎలక్ట్రిక్ గిటారుకే పనికొస్తుందనీ, చెక్క వాయిద్యాలకు హామీ ఇవ్వలేమనీ అడుగున రాశారు. ధర చూశాక హామీ సంగతి ఎలాగూ అడగలేదు. రెండోది హార్బరు. ఓడల మీద పనిచేసేవాళ్ళు తెచ్చిన సామాన్లు అమ్మి పెట్టే మనిషి ఒకడు వన్‌టౌన్‌లో మేడ మీద గదిలో ఉండేవాడు. మాస్టారూ నేనూ మాండలిన్ సంచిలో పెట్టుకుని వెళ్ళాం.

అతను మాండలిన్ పొట్టకు ఒక చిన్న మైకు అతికించి రెండు పెడళ్ళు చూపించాడు. రెండూ ఆక్టేవే అన్నాడు. మొదటిది నొక్కితే మాండలిన్ వా వా అని ఏడ్చింది. పసిపిల్లాడు పాలకు ఏడుస్తున్నట్టుందని మాస్టారు అన్నారు. రెండోది నిజంగా ఆక్టేవే. మొదటి రెండు స్వరాలకు అడుగున మంచి గంభీరమైన నాదం వచ్చింది. నాకు ఒళ్ళు పులకరించింది. మూడో స్వరానికి అది గుర్రుమని, పైకీ కిందికీ గెంతి, ఆగిపోయింది. ఇంటికి తీసుకెళ్ళి రెండు రోజులు చూసుకుంటామంటే అతను ఒప్పుకోలేదు. చూసుకోనివ్వని వస్తువు వద్దని మాస్టారు మెట్లు దిగిపోయారు. ఎలాగూ మేం కొనగలిగే ధర కాదది. నేను మాత్రం ఆ పెడల్ పాడైపోయిందనుకున్నాను. లోపం పెడల్లో లేదని నాకు చెప్పినవాడే ఈ కథలో నేను నింద వేసిన మనిషి.

అతను రేడియో మెకానిక్. ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే ఒక షెడ్డులో పగలంతా రాగి తీగ చుట్టేవాడు. షెడ్డు వెనక గోడకు ఒక బల్ల వేసుకుని, మిగిలిన వేళల్లో రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసేవాడు. మా ఆంప్లిఫయర్‌కి రెండుసార్లు ప్రాణం పోసింది అతనే. గంగవరం జాలరి కుటుంబం. అన్నలిద్దరూ వేటకు వెళ్ళేవారు. ఇతను ఒక్కడే ఉప్పునీళ్ళు వదిలి సోల్డరింగ్ పట్టుకున్నాడు. వయసులో నాకంటే కొంచెం చిన్న. నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి.

వన్‌టౌన్ సంగతి విని అతను అడిగిన మొదటి ప్రశ్న, మాండలిన్‌కి ఎన్ని తీగలని. ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు జతలు అన్నాను. నవ్వాడు.

"పెడల్ బాగానే ఉంది బావా, నీ తీగలే ఎక్కువ. జతలో రెండు తీగలు ఎంత శృతి సేసినా అన్నదమ్ములే గాని ఒక్కడు కాదు. ఇద్దరూ ఒకేసారి మాటాడితే అది ఎవడి మాట ఇనాలి?"

అలాంటిది తను చేయగలనన్నాడు. ఏదో ఎలక్ట్రానిక్స్ పత్రికలో బొమ్మ చూశాడట. తీగ రెండుసార్లు ఊగితే ఐసీ అనే చిన్న చిప్పు దాన్ని ఒక్కటిగా లెక్కపెడుతుంది, ఊపు సగమైతే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇంతే సూత్రం. రెండు నెలల ఆదివారాలు దాని మీద కూర్చున్నాడు. ఇళ్ళల్లో స్విచ్‌బోర్డుకు వాడే ఇనప డబ్బాను ఒళ్ళుగా తీసుకున్నాడు. కాలితో నొక్కే స్విచ్చు బజార్లో దొరకలేదు. ఆటోనగర్‌లో లారీల కొరత లేదు కదా. డ్రైవరు ఎడమకాలితో హెడ్‌లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్ స్విచ్చు ఒకటి పాత లారీ నుంచి విప్పి తెచ్చి బిగించాడు. నొక్కితే టక్కుమనేది. తీగల అదురును కరెంటుగా మార్చి డబ్బాకు అందించడానికి, పాడైన రికార్డు ప్లేయర్‌లోని క్రిస్టల్‌ను మైనంతో మాండలిన్ పొట్ట మీద అతికించాడు. ట్రాన్సిస్టర్‌కు వేసే చిన్న బ్యాటరీతో అంతా పనిచేసింది.

తరవాత నన్ను కూర్చోబెట్టి ప్రతి జతలోనూ ఒక తీగ తీయించాడు. నాలుగు తీగల మీద వాయించాను. మందంగా, కొంచెం గరుకుగా, కానీ ఎక్కడా తడబడకుండా మంద్రం తోడు వచ్చింది. వైండింగ్ కుర్చీల మీదున్నవాళ్ళు పని ఆపి చూశారు. అతను నాకు మూడు నియమాలు చెప్పాడు. ఒకసారి ఒక్క తీగే మీటాలి. ముందు స్వరాన్ని వేలితో ఆపి గాని తరవాతది పలికించకూడదు. మాండలిన్‌వాళ్ళు స్వరాన్ని నిలబెట్టడానికి పిక్ అనే చిన్న బిళ్ళతో గబగబా కొడతారే, ఆ పని డబ్బా నడుస్తున్నంతసేపూ చేయకూడదు. ఇలాంటి డబ్బా ఎంచుకునేవాడికి ఇంతకు మించి తెలియాల్సింది లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ధర ఎక్కువైనా తక్కువైనా, మన వాయిద్యంతోనే, మనం వాయించే పద్ధతిలోనే పరీక్షించాలి. దానికి కుదరనిది మనమే మార్చుకోవాలి.

డబ్బాకు అతను నా దగ్గర సామాన్ల ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. బదులుగా ఒక మాట అడిగాడు. ఉక్కునగరంలో మా సెక్టారు క్లబ్బు వాళ్ళు తమ మైకులూ ఆంప్లిఫయర్లూ చూసుకోవడానికి ఏడాది పొడుగునా ఒక మనిషిని పెట్టుకోబోతున్నారు. దసరా కార్యక్రమం మాదే. సెక్రటరీ ముందు వరసలో ఉంటాడు. డబ్బా ఎవరు చేశారో మైకులో ఒక్క ముక్క చెప్పమన్నాడు. ఆ పని వస్తే నెలనెలా ఇంట్లో చూపించుకోవడానికి ఒక ఆదాయం ఉంటుంది. రాకపోతే కార్తీకం నుంచి అన్నలతో తెప్ప ఎక్కుతానని తల్లికి మాటిచ్చాడు. వైండింగ్ కూలి వాళ్ళ లెక్కలో పని కాదు. అతను దీన్ని బతిమాలినట్టు చెప్పలేదు. సోల్డరింగ్ కడ్డీ తుడుస్తూ, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. నేను సరేనన్నాను.

దసరా రోజు మధ్యాహ్నం మా గాయకుడు క్వార్టరుకు వచ్చాడు. గోడకు ఆనించిన మాండలిన్ చూసి ఆగిపోయాడు.

"ఏటి బావా ఇది, పళ్ళూడిపోయిన దువ్వెన్నలాగుంది. దీన్నట్టుకుని స్టేజీ ఎక్కుతావేటి?"

నేనూ నవ్వాను. అతను టీ తాగి వెళ్ళిపోయాడు. తరవాత మాండలిన్ ఒళ్ళో పెట్టుకుంటే నాకూ అది అలాగే కనిపించింది. మొదటి అంశం నా ఒంటరి వాద్యం. స్వరాలు నిలబెట్టి వాయించే నిదానమైన పాట. నాలుగు తీగల మీద అది పీలగా ఉంటుంది, ఎనిమిది మీద తేనెలా ఉంటుంది. దానికి డబ్బా అక్కర్లేదు. రెండో పాటకు డబ్బా నొక్కినప్పుడు అరచేతి అంచుతో జతలో రెండో తీగను అణిచిపెట్టుకోవచ్చులే అనుకున్నాను. అలా కుదరదని నా చేతికి తెలుసు. అయినా పెట్టె తీసి నాలుగు తీగలూ మళ్ళీ బిగించాను. శృతి చేస్తుంటే అద్దంలో నన్ను నేను ఒకసారి చూసుకున్నాను కూడా.

మొదటి పాటకు చప్పట్లు బాగా వచ్చాయి. రెండో పాట మొదలైంది. నేను కాలితో స్విచ్చు నొక్కాను. మొదటి చరణం సగం దాకా ఏదో నెట్టుకొచ్చాను. తరవాత డబ్బా గుర్రుమంది. గొంతు మారుతున్న కుర్రాడిలా ఒక స్వరం కిందా ఒక స్వరం పైనా పలికింది. నేను కంగారులో ఇంకా గట్టిగా, ఇంకా గబగబా మీటాను. అది ఇంకా మొరిగింది. గాయకుడు ఆగిపోయాడు. వెనక బెంచీల్లో ఎవరో ఈలేశారు. మాస్టారు హార్మోనియం మీద చేతులు అలాగే ఉంచి నా వైపు చూశారు.

నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

"క్షమించాలండీ. డబ్బా లోకల్ సరుకు. గంగవరం నుంచి చేపల బుట్టలో వచ్చింది, ఇంకా గొంతు సవరించుకోలేదు."

హాలంతా నవ్వింది. సెక్రటరీ కూడా నవ్వాడు. మెకానిక్ ఆయనకు నాలుగు అడుగుల దూరంలో, ఆంప్లిఫయర్ పక్కన, ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. అతను జనానికి అడ్డు రాకుండా నడుం వంచుకుని స్టేజీ మీదికి వచ్చాడు. డబ్బా నుంచి వైరు పీకి, మాండలిన్‌ను నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిపాడు. పాట నడవాలి కదా. లేచేటప్పుడు అతని కళ్ళు మాండలిన్ మెడ మీద ఒక్క క్షణం ఆగాయి. అలాగే వంగి దిగిపోయాడు.

అక్కడితో అయిపోయినా కొంత బాగుండేది. కార్యక్రమం ముగిశాక సెక్రటరీ నన్ను పక్కకు పిలిచాడు. ఆ అబ్బాయి మా మైకుల పని అడుగుతున్నాడు, మీకు తెలిసినవాడేగా, నమ్మకస్తుడేనా అని అడిగాడు. అంత సూటిగా అడిగిన ప్రశ్నకు ఒక్క నిజం చెప్పి ఉంటే చాలు. నేను, "నేర్చుకుంటున్నాడు లెండి," అన్నాను. సెక్రటరీ తలాడించాడు. మెకానిక్ కోసం చూస్తే అప్పటికే వెళ్ళిపోయాడు. డబ్బాను మాత్రం గుడ్డలో చుట్టి నా మాండలిన్ పెట్టె పక్కన పెట్టి వెళ్ళాడు.

తరవాతి ఆదివారం రిహార్సల్లో మాస్టారు నన్ను ఒక్క ప్రశ్న అడిగారు. మాండలిన్‌కి మళ్ళీ ఎనిమిది తీగలు ఎప్పుడొచ్చాయని. నేను దువ్వెన మాట చెప్పాను. ఆయన హార్మోనియం తిత్తి రెండుసార్లు ఊపారు.

"పళ్ళూడితే ఊడాయి గానీ, నోరు మంచిదై ఉండాలయ్యా," అన్నారు. ఆ తరవాత నాతో పని మాటలే మాట్లాడారు.

ఇంకో వారం నేను ఏమీ చేయలేదు. డ్యూటీకి వెళ్ళాను, వచ్చాను. నన్ను నేను సమర్థించుకోవడానికి మాటలు వెతుక్కున్నాను. అతను చేసిన డబ్బాకు కొన్ని లోపాలు ఉన్న మాట నిజమేనని, ఆ స్విచ్చు టక్కుమనడం మైకులో వినిపిస్తుందని, ఇలాంటివి. అవన్నీ నిజాలే. ఏదీ ఆ సాయంత్రానికి సంబంధించింది కాదు.

చివరికి ఆటోనగర్ వెళ్ళాను. బల్ల మీద గోనెసంచి కప్పి ఉంది. దసరా తరవాత అతను రాలేదని షెడ్డు యజమాని చెప్పాడు. చేపల బుట్ట మాట ఆ షెడ్డు దాకా వచ్చింది. వైండింగ్ చేసే ఒకతను నన్ను గుర్తుపట్టి, ఆ మాట నాకే వినిపించి, నవ్వుతానని ఎదురుచూశాడు.

అక్కణ్ణుంచి సెక్రటరీ ఇంటికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. డబ్బాలో తప్పు లేదు, నాకు చెప్పిన నియమం నేను తప్పాను, తరవాత అతని గురించి మిమ్మల్నీ మోసపుచ్చాను అని. ఆయన మర్యాదస్తుడు, శ్రద్ధగా విన్నాడు. ఆ ఏడాదికి పని ఊళ్ళోని ఒక దుకాణానికి ఇచ్చేశామని, మాట తిప్పడం కుదరదని చెప్పాడు. దీపావళి కార్యక్రమంలో మైకులో రెండు నిమిషాలు ఇమ్మని అడిగితే ఇచ్చాడు. ఆ రోజు లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. జనం బుద్ధిగా విన్నారు. సగం మందికి ఆ జోకే గుర్తు లేదు. మిగిలిన సగానికి నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానో అర్థం కాలేదు. దిగి వచ్చి కూర్చున్నాక నా మనసు తేలికపడింది. అతనికి మాత్రం దానివల్ల ఏమీ ఒరగలేదు.

కార్తీకం రెండో వారంలో గంగవరం వెళ్ళాను. ఒడ్డున ఒక పెద్దావిడ చేపలు ఆరబెడుతోంది. ఆమెను అడిగితే తన చిన్నకొడుకేనంది, వేటకెళ్ళాడంది. నేనెవరో చెప్పాను. ఆమె పని ఆపలేదు.

"నువ్వేనా బాబూ, సేపల బుట్ట అన్నోడివి? కూకో. తెప్పలొచ్చీ ఏళయ్యింది."

కూర్చున్నాను. తెప్ప వచ్చింది. అతను నడుందాకా నీళ్ళలో ఉండి తోస్తున్నాడు. అందరూ తాడు లాగుతుంటే నేనూ వెళ్ళి పట్టుకున్నాను. అతను నన్ను అప్పుడు చూశాడు.

"వదిలీ బావా. సేతులు కోసుకుపోతాయి, మాండలిన్ వాయించలేవు."

వెటకారం లేదు ఆ మాటలో. ఉండి ఉంటే బాగుండేది. వల దులపడం అయ్యాక పక్కకు తీసుకెళ్ళి చెప్పాను. ఎనిమిది తీగల సంగతి, సెక్రటరీ ఇంటి సంగతి, దీపావళి సంగతి. అతను చేతులకు అంటిన పొలుసులు ఇసకలో రుద్దుకుంటూ విన్నాడు.

"స్టేజీ మీదే సూసేను. ఎనిమిదీ లెక్కెట్టేను."

"మరక్కడే సెప్పకపోయేవా?" అన్నాను.

"సెప్తే నిన్ను నవ్వుతారు. పాట ఆగిపోద్ది. మాస్టారి మొకం సూసి ఊరుకున్నాను." చేతులు దులుపుకున్నాడు. "నువ్వన్నది డబ్బా గురించైతే నాకంత లేదు బావా. మా యమ్మ మోసీ బుట్ట గురించన్నావు. అదొక్కటీ బాగోలేదు."

తప్పయిపోయిందని అన్నాను. ఆవిడతో కూడా అన్నాను. ఆవిడ, సరేలే బాబూ, అంది. మళ్ళీ బల్ల దగ్గరికి ఎప్పుడొస్తావని అతన్ని అడిగాను. ఎవరి పని చూసి రమ్మంటావని అతను అడిగాడు. చేపల బుట్ట మాట విన్నాక ఆటోనగర్‌లో రేడియోలు కూడా రావడం లేదట. క్షమాపణ తీసుకున్నానని, కానీ అది ఇంట్లో చూపించేది కాదని అన్నాడు. బేరాలుంటే వస్తానన్నాడు.

బస్సులో ఆ మాటే ఆలోచించాను. నేను మైకులో రెండుసార్లు మాట్లాడాను, ఒకసారి అబద్ధం, ఒకసారి నిజం. రెండూ నా కోసమే. అతనికి కావలసింది డబ్బా పనిచేస్తుందని వాయించేవాళ్ళు చెవులతో వినడం.

ఇంటికి వచ్చి మాండలిన్ తీశాను. మూడు జతల్లో ఒక్కో తీగ తీసేశాను. నాలుగో జతను మాత్రం జతగానే ఉంచాను. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం డబ్బా, మాండలిన్, చిన్న ఆంప్లిఫయర్ పట్టుకుని ఊళ్ళోని బృందాల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. వన్‌టౌన్‌లో ఒక ఆర్కెస్ట్రా, గాజువాకలో ఒక భజన మండలి, రైల్వే క్వార్టర్లలో గిటారు వాయించే ఇద్దరు. వెళ్ళిన ప్రతిచోటా ముందు జంట తీగల మీద వాయించేవాణ్ణి. డబ్బా మొరిగేది. ఇది నేను చేసిన తప్పు అని చెప్పేవాణ్ణి, ఎక్కడ చేశానో, ఏమన్నానో కూడా. తరవాత మిగిలిన మూడు తీగల మీద, ఒక్కొక్క స్వరమే, నెమ్మదిగా వాయించేవాణ్ణి. చాలామంది విని బాగుందని ఊరుకున్నారు. కొందరు, మీరే తప్పు వాయించి మీరే చూపిస్తారేమిటండీ, ఇలా ఎవరైనా సరుకు అమ్ముతారా అని నవ్వారు. గిటారు వాళ్ళలో ఒకతను చేయించుకున్నాడు. గిటారుకు తీగలు ఒంటివే కాబట్టి అతనికి నాకంటే సులువైంది. భజన మండలి వాళ్ళకు డబ్బా అక్కర్లేదు గానీ, రెండు మైకులు బాగుచేయించుకున్నారు.

మాఘమాసానికి అతను వారంలో మూడు రోజులు తెప్ప, మూడు రోజులు బల్ల అన్నట్టు ఒప్పందం కుదుర్చుకున్నాడు. అన్నలు గొణిగారట. తల్లి ఊరుకుందట. కావలసినదంతా దక్కలేదు. క్లబ్బు పని ఆ ఏడాది పోయింది, ఆ తరవాత కూడా రాలేదు. అది నా మూలంగా పోయిందే, దాన్ని నేను పూడ్చలేదు.

సింహాచలం కొండ కింద అడివివరంలో ఒక వయొలిన్ విద్వాంసుడు ఉండేవాడు. హరికథలకు పక్కన వాయించేవాడు. ఆయన నా ప్రదర్శన అంతా కళ్ళు మూసుకుని విని, కమానుతో లాగే స్వరానికి తెగడం ఉండదు కాబట్టి ఇది మీకంటే నాకే బాగా పట్టాలే అన్నాడు. గమకం లాగితే పట్టుకుంటుందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలియనిది తెలియదని చెప్పడం అప్పటికి కొంచెం అలవాటైంది. చేసిన మనిషినే అడుగుదాం రండి అన్నాను.

మరుసటి ఆదివారం ఉదయం ఆయన్ని అడివివరంలో బస్సెక్కించాను. రెండు బస్సులు మారాం. వయొలిన్ పెట్టె నేనే పట్టుకున్నాను. వేటకు వెళ్ళే రోజే అయినా, మేం వస్తామని కబురు పంపితే మెకానిక్ ఆగిపోయాడు. బల్ల మీద గోనెసంచి తీసేసి, ఆయన కూర్చోవడానికి స్టూలు తుడిచి పెట్టాడు. ఆయన గమకం లాగి చూపించాడు. ఇతను మళ్ళీ లాగమన్నాడు, ఇంకా నెమ్మదిగా లాగమన్నాడు, డబ్బా మూత విప్పాడు. వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డాక నాతో పని లేకపోయింది. నేను షెడ్డు బయటికి వచ్చి, వాళ్ళకు టీ చెప్పి, తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి రోడ్డు మీదికి వెళ్ళాను.